పదకొండు మందితో ఆటేమిటి?

మా పెద్దమ్మ సులియెటి గొంతు రేవు దాకా వినిపిస్తుంది. పొద్దున్నే పందులకు తిండి వేస్తూ ఆవిడ కేకేస్తే, రేవులో పడవ కట్టుకునేవాడు తననే పిలిచారేమోనని తలెత్తి చూస్తాడు. చేమ తోటలో పనైనా, చర్చిలో పాటైనా, ఎవరింట్లో పెళ్ళయినా నెమ్మదిగా చేయడం ఆవిడకు చేతకాదు. పెదనాన్న పోయినప్పుడు ఆ గొంతు ఇక లేవదేమోనని అందరం బెంగపడ్డాం. ఏడాది తిరక్కుండానే మళ్ళీ విజిల్ మెడలో వేసుకుని కిరికిటి మైదానంలోకి వచ్చేసింది.

కిరికిటి అంటే మీ క్రికెట్టే. మా తాతల కాలంలో తెల్లదొరలు ఓడల్లో తెచ్చి మా సమోవా దీవుల్లో దించారు. మావాళ్ళు ఊరుకుంటారా? బ్యాటును మూడు పలకలుగా చెక్కి, పిడికి కొబ్బరిపీచు తాడు చుట్టారు. పదకొండు మందే ఎందుకని ఊరంతా దిగిపోయారు. బంతి ఆపేవాళ్ళు ఊరికే నిలబడితే ఏం బాగుంటుందని పాటా, చప్పట్లూ, గంతులూ చేర్చారు. వాటన్నిటికీ ముందుండి విజిల్ ఊదుతూ, అవతలివాళ్ళను ఆటపట్టిస్తూ జట్టును ఆడించే మనిషిని ఫాలుమ అంటాం. మా ఊరి ఆడవాళ్ళ జట్టుకు ఫాలుమ మా పెద్దమ్మే. ముసలమ్మలూ చంటిపిల్లల తల్లులూ కూడా ఆ విజిల్ వింటే చేతిలో పని వదిలేసి వచ్చేవాళ్ళు.

కొత్త పాస్టరమ్మ వచ్చాక దానికి గండం వచ్చిపడింది. ఆవిడ ఆక్లండ్‌లో చదువుకుంది. మనిషి మంచిదే, నేను కాదనను. జబ్బు చేసిన ప్రతి ఇంటికీ వెళ్ళి కూర్చుంటుంది. కానీ మా ఆట చూస్తే ఆవిడకు తల కొట్టేసినట్టుండేది. తెల్ల బట్టలు కుట్టించింది, ఎర్ర తోలుబంతి తెప్పించింది, పదకొండు మందిని ఏరి జట్టు కట్టింది. నన్ను వికెట్ కీపర్‌ని చేసింది. పెద్దమ్మను వదిలేస్తే ఊరు ఊరుకోదని ఆవిడనూ తీసుకుంది. మిగతావాళ్ళంతా కొబ్బరాకు చాపలు పరుచుకుని గట్టు మీద కూర్చున్నారు. అలా కూర్చోవడం వాళ్ళకు అదే మొదటిసారి.

ఆపియా పట్నం నుంచి ఆడపిల్లల జట్టు పడవెక్కి వచ్చింది. వాళ్ళ కెప్టెన్ వాయిఓలా పొడుగుపిల్ల, నోరు గలది. పెద్దమ్మ అలవాటుగా పాట ఎత్తుకోగానే, "పాడుకోండి పెద్దమ్మా, మాకేం అడ్డం? రేడియో ఖర్చు కలిసొస్తుంది!" అంది. ఆట మధ్యలో ఒకసారి బంతి ఒకమ్మాయి కాలికి తగిలింది. అంతే, ఔటైపోయిందని పెద్దమ్మ విజిల్ ఊదేసింది. అలవాటు కదా, మేమంతా చప్పట్లు కొడుతూ గంతులు మొదలెట్టాం. అంపైర్ ఔటివ్వనే లేదు. మేం ఎగురుతుంటే బంతి గడ్డిలో పడుంది, వాయిఓలా నవ్వుకుంటూ పరుగుల మీద పరుగులు తీసేసింది. సరిగ్గా ఆ పరుగులతోనే మేం ఓడిపోయాం.

మర్నాడు ఆడవాళ్ళ సంఘంలో పాస్టరమ్మ మెత్తగానే చెప్పింది. "అక్కా, కోపం తెచ్చుకోకు. లోకం మారింది. ఇకమీదట పదకొండు మందే ఆడతారు. పాటలు చర్చిలో పాడుకుందాం, విజిల్ ఇంట్లో పెట్టేసెయ్."

పెద్దమ్మ మెడలోని విజిల్‌ను గుప్పిట్లో పట్టుకుంది.

"అమ్మగారూ, తప్పు నాదే. అంపైర్ వేలు చూడకుండా ఊదాను. ఇంకొక్క ఆట ఆడనివ్వండి. ఓడితే విజిల్ మీ చేతికిచ్చి చేమదుంపలు తవ్వుకుంటా."

"గెలిస్తే?"

"గెలిస్తే ఊరంతా ఆడాలి. గట్టు మీద ఒక్కర్తి కూర్చోకూడదు."

పాస్టరమ్మ సరేనంది. గెలుస్తామని ఆవిడకు నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు.

ఆ నెలంతా పెద్దమ్మ ఊరి కొట్లో టీవీ ముందు కూర్చుని తెల్లవాళ్ళ ఆట చూసింది. "వీళ్ళేంటే, ఎవర్నో పాతిపెట్టడానికొచ్చినట్టు నిలబడ్డారు! మన చావులక్కూడా ఇంతకంటే సందడుంటుంది కదే" అని విసుక్కునేది. కానీ ఒక్కరోజూ లేచి రాలేదు, ఆ రూల్సన్నీ అరిగిపోయేదాకా నమిలింది. సాయంత్రాలు మాచేత చెమటలు కక్కించింది. "కాళ్ళు ఎగరాలి, చేతులు ఎగరాలి, నోరు పాడాలి. కళ్ళు మాత్రం బంతిని వదిలితే వీపు చీరేస్తా!" గంతులేస్తూనే బంతి ఒకరికొకరం విసురుకునేవాళ్ళం. మొదట్లో ఒకరి మీదొకరం పడ్డాం. నా చిటికెనవేలు వాచిపోయింది.

ఆపియా పిల్లలు మళ్ళీ వచ్చారు. ముందు వాళ్ళకు సీమపనసా, కొబ్బరిపాలల్లో ఉడికిన చేమాకూ పెట్టి, ఆ తర్వాతే మైదానంలోకి దిగాం. మేం చేసిన పరుగులు తక్కువేం కాదు. కానీ వాయిఓలా ఔటవదే! అటు పక్క ఒక్కొక్కరూ పోతున్నా తను మాత్రం పాతుకుపోయింది. చివరికి ఆఖరి జోడీ మిగిలింది, గెలవడానికి వాళ్ళకు రెండే పరుగులు కావాలి. గట్టు మీద ఊరంతా లేచి నిలబడింది.

వాయిఓలా కొట్టిన బంతి గాల్లోకి లేచింది. పెద్దమ్మ ఆ ముసలి మోకాళ్ళతోనే ముందుకు ఉరికింది. బంతి నేలకు తగిలి ఆవిడ చేతిలో పడింది. అది క్యాచ్ కాదు, అందరికీ కనిపించింది. అయినా పెద్దమ్మ విజిల్ ఊదింది! మేమంతా ఎగిరాం, చప్పట్లు మోగిపోయాయి. గట్టు మీద పాస్టరమ్మ తల పట్టుకుంది.

"పరిగెత్తవే! వీళ్ళు మళ్ళీ మొదలెట్టారు!" అని వాయిఓలా పకపకా నవ్వుతూ బయల్దేరింది.

ఆ గంతుల మధ్యలోంచే, నడుము పక్కనుంచి, పెద్దమ్మ చెయ్యి విసిరింది. బంతి సూటిగా నా చేతుల్లోకి వచ్చింది. వాయిఓలా ఇంకా సగం దారి కూడా దాటలేదు. నేను వికెట్లు గిరాటేశాను.

"మోసం! ఔటని మమ్మల్ని నమ్మించారు!" అని ఆ పిల్ల అంపైర్ మీదికి వెళ్ళింది.

"నువ్వెక్కడ నమ్మావమ్మాయ్?" అంది పెద్దమ్మ రొప్పుతూ. "నమ్మితే ఆగిపోయేదానివిగా? నమ్మలేదు కాబట్టే పరిగెత్తావ్."

బ్యాంకు ఉద్యోగి అయిన ఆ అంపైర్ పెద్దమనిషి నవ్వాపుకోలేకపోయాడు. "పోయినసారి వీళ్ళు ఎగురుతుంటే నువ్వు తీసిన పరుగులన్నీ ఇచ్చాను తల్లీ. ఇప్పుడిది ఇవ్వకపోతే ఎలా?" అని వేలెత్తాడు.

నాకు ఏడుపొచ్చేసింది. సంతోషంతో అలా వెక్కి వెక్కి ఏడవడం నా పెళ్ళిలో కూడా లేదు. గట్టు మీది ఆడవాళ్ళంతా కట్ట తెగినట్టు మైదానంలోకి వచ్చిపడ్డారు, చంకల్లో పిల్లలతో సహా. "పదకొండు మందే ఉండాలి! మిగతావాళ్ళు బయటికి!" అని అంపైర్ చేతులూపాడు, పాపం.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది పాస్టరమ్మే. తెల్లగౌను మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుంది, టోపీ ఎక్కడో పడిపోయింది. "మీ ఆట అయిపోయిందయ్యా! ఇది మా ఆట!" అని ఆయన్ని పక్కకు నెట్టి, "అక్కా, ఊదు!" అంది.

పెద్దమ్మ వెంటనే ఊదలేదు. ఇంట్లో మూలనున్న మూడు పలకల బ్యాటు తెప్పించి, ముఖం ముడుచుకుని నిలబడ్డ వాయిఓలా చేతిలో పెట్టింది. "ముందు చుట్టాలు కొట్టాలి. రా, ఇందాకటి కోపమంతా దీంతో తీర్చుకో."

ఆ పిల్ల బ్యాటును అటూ ఇటూ తిప్పి చూసింది. మూతి ముడిచే ఉంది గానీ, కళ్ళల్లో నవ్వు ఆగలేదు. ఆపియా పిల్లలు బూట్లు విప్పి గడ్డి మీద పారేశారు. ఎండ వాలేదాకా ఆడాం. మైదానంలో ఎంతమందిమి ఉన్నామో ఎవరూ లెక్కపెట్టలేదు.