రోజూ ఒక వైరు పీకి చూసిన సారు

మా సెక్షన్ సారు పోయారని పాత సహోద్యోగి ఒకరు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. ఆళ్లగడ్డలో, తన ఇంట్లో, నిద్రలోనే. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు. ఇక చెప్పడానికి మనిషి లేడన్న ఒక్క మాటే బుర్రలో తిరిగింది. ఏం చెప్పాల్సి ఉందో రాస్తాను. ముందు ఆయన గురించి.

మీరు ఆయన్ను ఎరగరు. రెండువేల తర్వాతి ఏళ్లలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసులో ఆయన పెద్ద, నేను ఆయన కింద పనిచేసేదాన్ని. రెండు ఊళ్ల మధ్య రెండు లైన్లుండేవి. రెండింటినీ కలిపి ఒకే లైనులా వాడేవాళ్లం. ఒకటి తెగితే రెండోది మొత్తం మోయాలి. అది చూసుకునేది రౌటర్లు, వాటి లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము. దానికి కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ వెంటనే ఎక్కించేయాలని నాకు చేతులు దురదపెట్టేవి. సారు మాత్రం ముందు దాన్ని తన టేబుల్ మీది రెండు రౌటర్లలో ఎక్కించి, వాటిని రెండు వైర్లతో కలిపి, నెల రోజులు నడవనిచ్చేవారు. మధ్యాహ్నం అన్నం తిని, కడిగిన చెయ్యి తుడుచుకుని, రోజూ ఒక వైరు పీకేవారు. రెండో వైరు లైటు వెలుగుతూ ఉంటే, పీకింది మళ్లీ పెట్టి నోటుబుక్కులో టిక్కు కొట్టేవారు.

"బాగా నడుస్తాంది గదా సార్, ఇంకా ఏం సూస్తాండారు?" అని విసుక్కునేదాన్ని.

"నడిచేటప్పుడు అన్నీ నడుస్తాయి పాపా. తెగినప్పుడు ఏం చేస్తాదో సూడాల."

ఆ నోటుబుక్కులో స్కేలుతో గీసిన గళ్లుండేవి. వెర్షన్ నంబరు, తేదీ, ఎక్కించింది ఎవరు. పేరు ఎందుకని అడిగితే, "తిట్టేదానికి గాదు. ఎవుర్ని అడగల్లో తెలియాల గదా" అన్నారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన కొత్త వెర్షన్ గొప్పలు అరగంట చెప్పాడు. సారు అంతా విని, "మంచిదే. నెల కానీండి" అన్నారు. ఆ మొండితనానికి నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

ఒక వేసవిలో ఆయన మొక్కు తీర్చుకోవడానికి యాగంటి వెళ్లారు. టేబుల్ మీది కొత్త వెర్షన్‌కు అప్పటికి పంతొమ్మిది రోజులు. ఇంకేం అవుతుందిలే అని నేను దాన్ని నంద్యాల, ఆళ్లగడ్డ రౌటర్లు రెండింట్లోనూ ఎక్కించేశాను. ఆయన వచ్చాక చెప్పలేదు. నెల నిండాక నవ్వుతూ చెబుదామనుకున్నాను. ఇరవై నాలుగో రోజు సారు టేబుల్ మీద వైరు పీకితే రెండు లైట్లూ ఆరిపోయాయి. మళ్లీ పీకారు, మళ్లీ రెండూ పోయాయి.

"ఇది మనకొద్దు పాపా" అని నోటుబుక్కులో ఇంటూ కొట్టారు.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. పాతది మళ్లీ ఎక్కించాలంటే లైను కాసేపు ఆపాలి, ఆపితే తెలిసిపోతుంది. ఆదివారం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు చేద్దాంలే అనుకుని తలూపాను.

గురువారం పొద్దున శిరివెళ్ల దగ్గర రోడ్డు తవ్వేవాళ్లు ఒక లైను తెంపారు. దాంతో రెండోదీ పడిపోయింది. సారు రౌటర్‌లో వెర్షన్ నంబరు చూశారు, తర్వాత నన్ను చూశారు. నంద్యాలలో పాతది ఎక్కించి, ఆయనే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి అక్కడా ఎక్కించేసరికి సాయంత్రమైంది.

మర్నాడు రుద్రవరం రైతు ఒకాయన ఆఫీసుకు వచ్చాడు. కూతురి ఇంజనీరింగ్ సీటు కోసం నెట్‌లో కాలేజీలు ఎంచుకోవడానికి ముందురోజే ఆఖరు.

"ఇప్పుడొస్తాది, అప్పుడొస్తాది అంటే దినమంతా నెట్ సెంటర్లోనే కూకున్యాం" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఎవురప్పా ఇది చేసింది?"

"నేనేనప్పా" అన్నారు సారు. "నేనే ఎక్కించినా."

"నీకు బిడ్డలుండారా?"

"ల్యారు."

రైతు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను సారు వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

నెల తిరక్కముందే సారును సంజామల వైపు వైర్లు లాగించే పనికి పంపారు. రిటైరయ్యేదాకా అదే పని. ఆయన కుర్చీ నాకిచ్చారు, కూర్చున్నాను. ఆ పిల్ల చదువు ఏమైందో కనుక్కోలేదు, ధైర్యం చాలలేదు. సారుకు చెబుదామని మూడుసార్లు బయల్దేరి, ఆళ్లగడ్డ బస్టాండులో టీ తాగి తిరిగొచ్చాను. నన్ను నేను అసహ్యించుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి.

పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. సారు భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. ముందు గదిలో అలమరలో ఆ రెండు పాత రౌటర్లు, రెండు వైర్లు, వెలిగే లైట్లు. ఆఫీసులో పారేస్తుంటే తెచ్చుకున్నారట.

"దినామూ అన్నం తిని ఒకటి పీకి సూసేవాడు" అంది అక్క. ఆ గళ్ల నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ వేసవి పేజీ తీశాను. వెర్షన్ నంబరు ఉంది. ఎక్కించిన తేదీ, తీసేసిన తేదీ ఉన్నాయి. ఎక్కించింది ఎవరు అన్న గడి మాత్రం ఖాళీ. బుక్కు మొత్తంలో అదొక్కటే.

"ఆ పాప ఒకదినం వచ్చి రాస్తాదిలే అనేవాడు" అంది అక్క. "ఏం రాస్తాదని అడిగితే చెప్పల్యా."

పెన్ను తీసి నా పేరు రాశాను. ఇన్నేళ్లు చేయలేని పని అరనిమిషంలో అయిపోయింది. దానివల్ల సారు తిరిగి రాలేదు, ఆ పిల్లకు చేజారిన ఆ రోజూ తిరిగి రాలేదు.

"ఏం రాసినావు?"

"నా పేరక్కా."

ఆమె గోడ గడియారం చూసింది. ఆయన అన్నం తిని లేచే వేళ. అలమర దగ్గరికి పోయి, ఆయన పీకినట్టే ఒక వైరు పీకింది. ఒక లైటు ఆరిపోయింది, రెండోది వెలుగుతూనే ఉంది. పీకిన వైరు కొస చేత్తో పట్టుకుని, దాన్ని తిరిగి ఎక్కడ పెట్టాలో తెలియక, ఆమె నా వైపు చూస్తూ నిలబడింది.