చివరి వాక్యం ముందే రాసుకున్న వార్త

మొన్న హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నేను ఇరవై ఏళ్లపాటు నరసరావుపేట నుంచి వార్తలు పంపిన సర్కారు టీవీ నుంచే. వార్షికోత్సవమట, పాత విలేకరుల చేత రెండేసి నిమిషాలు మాట్లాడిస్తారట. "మీరు మరిచిపోలేని వార్త ఒకటి చెప్పండి సార్, కొంచెం పాజిటివ్‌గా ఉంటే బావుంటుంది" అంది. పాపం, ఆ పిల్లకేం తెలుసు. పాజిటివ్‌గా చెప్పడంలో మమ్మల్ని మించినవాళ్లు ఎవరున్నారు గనక? ఎత్తిపోతల జలపాతం నిండుగా దూకుతోందని నేనే ఏటా చెప్పేవాణ్ని, నీళ్లున్నా లేకపోయినా.

ఆ రోజుల్లో పార్టీ కక్షలతో మా పల్లెల్లో నాటుబాంబులు పేలుతుంటే జనం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి పోయేవాళ్లు. అది యుద్ధం కాదని మా పైవాళ్ల నమ్మకం. బాంబు పేలితే 'చెదురుమదురు సంఘటన', ఇళ్లు తగలబడితే 'ఉద్రిక్తత'. ఏ వార్తకైనా చివర 'పరిస్థితి అదుపులో ఉంది' అని ఉండాల్సిందే. నేను రాయకపోతే డెస్కులో వాళ్లే చేర్చేవారు. అందుకని పొద్దున్నే ఇంట్లో కాఫీ తాగుతూ ఆ వాక్యం ముందు రాసేసుకుని, మిగతా వార్త దాని పైన నింపేవాణ్ని. గురజాలలో పన్నెండింటి హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికి క్యాసెట్టూ కాగితమూ అందిస్తేనే సాయంత్రం ఏడింటి వార్తల్లో పడేది. ప్రభుత్వం మారితే ఆఫీసు గోడ మీద ఫొటో మారేది, నా కాగితంలో మంత్రి పేరు మారేది. చివరి వాక్యం మాత్రం అట్లాగే ఉండేది.

మా పక్క వాటాలో ఒక జంట అద్దెకు దిగారు. చుట్టాలు కాకపోయినా నాకు అత్తా మామా అయ్యారు. వాళ్లది గురజాల అవతల ఒక ఊరు. ఓడిపోయిన పార్టీకి పోలింగు ఏజెంటుగా కూర్చోవడమే మామ చేసిన నేరం. గెలిచినవాళ్లు ఇంటికి నిప్పు పెడితే కట్టుబట్టలతో వచ్చిపడ్డారు. మామ వేళాకోళం మనిషి. "ఏంది అల్లుడా, ఇయ్యాల మీ మంత్రి ఏడ రిబ్బను కత్తిరించాడు?" అనేవాడు. అంటూనే ఏడు కొట్టేసరికి మా టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. మిగతా చానళ్లు ఎవరి పార్టీకి వాళ్లు డప్పు కొడతాయనీ, సర్కారోళ్లు కళ్లతో చూడంది చెప్పరనీ ఆయన నమ్మకం. ఊళ్లో రెండెకరాల మిర్చి పండి చెట్టు మీదే ఎండిపోతోంది. "మా ఊరు సల్లబడిందని మీ వార్తల్లో చెప్పిన్నాడు పోతాం. కాయ కోసుకోకపోతే ఈ ఏడు గంజి గూడా ఉండదు" అనేవాడు.

ఒకనాడు మామావాళ్ల ఊరి బడిలోనే శాంతి సమావేశం పెట్టారు. అధికారులు ఆలస్యంగా వచ్చారు. రెండు పక్షాల పెద్దలూ కుర్చీల్లో కూర్చుని, సోడాలు తాగి, నా కెమెరా వంక చూస్తూ చేతులు కలిపారు. ఒకసారి సరిగా పడలేదంటే మళ్లీ కలిపారు. నేను సర్దుకుంటుంటే ఒక ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యా, బడెనక బజారు గూడా తియ్యి. గెలిచినోళ్లు ఇంకా కత్తులేసుకుని తిరగతానే ఉండారు" అన్నాడు. మామ ఇల్లు ఉన్నది ఆ బజారులోనే. నడిస్తే పది నిమిషాలు. గడియారం చూసుకున్నాను, పదకొండు దాటింది. వచ్చేసారి తీస్తాలే పెద్దాయనా అని స్కూటరెక్కాను.

సాయంత్రం నా వార్త వచ్చింది. గ్రామంలో ప్రశాంత వాతావరణం నెలకొంది, పరిస్థితి అదుపులో ఉంది. మామ కళ్లు తుడుచుకున్నాడు. అత్త మాత్రం నా వైపు తిరిగింది.

"నిజమేనా అల్లుడా? పోవచ్చంటావా?"

"మన వార్తల్లోనే వచ్చింది గదత్తా" అన్నాను నవ్వుతూ. నేను రాసిందాన్ని నేనే సాక్ష్యం చూపించాను, సిగ్గు లేకుండా.

మర్నాడు పొద్దున్నే గురజాల బస్సెక్కారు. మూడో రోజు మిర్చి చేలో కాయ కోస్తుంటే మామను నరికేశారు. ఆ వార్తకూ నేనే వెళ్లాను. 'ఒకరు మృతి' అని రాశాను. దాని కింద, పొద్దున ఇంట్లో రాసుకున్న వాక్యం అప్పటికే ఉంది. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. కొట్టేసినా డెస్కులో చేరుస్తారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాతి ఎన్నికల్లో గద్దె చేతులు మారింది. ఈసారి అవతలి పక్షంవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని పేటకొచ్చారు. నేను ఉద్యోగం మానలేదు. వాళ్ల మీదా అదే వార్త పంపాను.

అంతకు ముందే, మామ పోయిన కొద్దిరోజులకు, పెద్దకర్మకు వెళ్లాను. అత్త తిట్టి ఉంటే బాగుండేది, దుమ్మెత్తి పోసినా పడేవాణ్ని. నాకు మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. "నువ్వు మా బజారు దాకా పోయి చూసొచ్చావనుకున్నాం అల్లుడా" అంది. ఏళ్లు గడిచేకొద్దీ అన్నీ మరుపున పడతాయంటారు గానీ, వయసు మీద పడేకొద్దీ నాకు మిగిలినవన్నీ పోయి ఆ ఒక్క మాటే మిగులుతోంది.