షెనండోవా లోయలో నాన్న మ్యాచ్, మా ఆర్వీ యాంటెన్నా

మా ఇంట్లో నా గురించి ఒక మాట ఎప్పుడో స్థిరపడిపోయింది: "సింధుకి నిలకడ లేదు." సంగీతం మానేసింది, స్విమ్మింగ్ మానేసింది, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి డేటా సెంటర్‌లో తెచ్చుకున్న ఉద్యోగం ఏడాదిన్నరకే మానేసింది, ఇప్పుడు ఎవరో వాడి పడేసిన ఆర్వీ, అంటే చక్రాల మీద నడిచే ఇల్లు, కొనుక్కొచ్చింది. అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా అమ్మ ఇదంతా ఇదే వరుసలో చెబుతుంది. ఎదురుగా ఉన్న ఆంటీ నా వంక జాలిగా చూసి నా ప్లేట్‌లో ఇంకో గారె వేస్తుంది. మానేస్తానన్నది నిజమే. నచ్చనివాటిని మానేస్తాను. నచ్చినదాన్ని పట్టుకుంటే వదలనన్న సంగతి, పుట్టినప్పటి నుంచీ నాతో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లకి తెలియకపోవడమే నాకు మింగుడుపడదు.

ఈ ప్రయాణం ఆ మాట మీదే మొదలైంది. మా కాలనీలో ఇంటి ముందు ఆర్వీ నిలపనివ్వరు కాబట్టి వేసవంతా దాన్ని ఊరి చివర అద్దె స్థలంలో ఉంచి, వారాంతాల్లో వెళ్లి బాగుచేసుకున్నాను. వైరింగ్ మార్చాను, పంపు మార్చాను, వేడెక్కిపోయే పాత బల్బులన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాను. నాన్న లెక్కలో మాత్రం అది నేను సగంలో వదిలేయబోయే మరో పని. నాకు తెలియకుండానే తన స్నేహితుడు శ్రీధర్ అంకుల్‌తో మాట్లాడి, సోమవారం వచ్చి బండి చూసుకుని తీసుకెళ్లమన్నారు. అది బయటపడిన రోజు దోశెల ముందు పెద్ద గొడవే అయింది.

"సరే, ఒక పని చేద్దాం," అన్నారు నాన్న చివరికి. "ఈ వీకెండ్ ముగ్గురం దాన్లో వెళ్దాం. ఆదివారం మ్యాచ్ నాకు ఆగకుండా మొదటి నుంచి చివరిదాకా చూపించు. చూపిస్తే బండి అమ్మే మాట మళ్లీ ఎత్తను. చూపించలేకపోతే సోమవారం అంకుల్‌కి తాళాలు ఇచ్చేద్దాం."

"బండి పోతే జనవరిలో, మొన్న ఆఫర్ వచ్చిన ఆ కొత్త ఉద్యోగంలోనన్నా బుద్ధిగా చేరుతుంది," అని అమ్మ తన కోరికను కూడా ఆ పందేనికి తగిలించింది.

మ్యాచ్ అంటే క్రికెట్ కాదు, ఇక్కడి ఫుట్‌బాల్. కొత్తగా ఈ దేశం వచ్చినప్పుడు సోమవారం పొద్దున ఆఫీస్‌లో అందరూ దాని గురించే మాట్లాడుతుంటే తనొక్కడే కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ నిలబడాల్సి వచ్చిందని నాన్న నేర్చుకున్నారు. తర్వాత అది పిచ్చిగా మారింది. టీమ్ ఓడిపోయిన రాత్రి మా ఇంట్లో పెరుగన్నంతో సరి.

శనివారం పొద్దున తొమ్మిదికి బయల్దేరాం. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగింది: "దీపం ఎక్కడ పెట్టను?" బండిలో గ్యాస్ సిలిండర్ ఉంది, మంట వెలిగించడానికి వీల్లేదని ముందే చెప్పాను. అందుకని ఇండియన్ స్టోర్ నుంచి ఇత్తడి రంగు ప్రమిద ఒకటి తెచ్చింది. నూనె అక్కర్లేదు, ఒత్తి అక్కర్లేదు. ప్లగ్ పెడితే నిజం మంటలాగే రెపరెపలాడుతుంది. టీవీ పక్కన చిన్న అర, ఆ అరలోనే ఒక సాకెట్ ఉండటంతో దేవుడి పటం, దీపం అక్కడ కుదిరిపోయాయి. ప్రయాణం ముగిసి ఇంటికి చేరేదాకా దీపం వెలుగుతూనే ఉండాలని మొక్కుకున్నానని చెప్పింది.

రూట్ సెవెన్ మీద వించెస్టర్ దాకా, అక్కడి నుంచి ఐ-ఎయిటీవన్ హైవే మీద దక్షిణంగా. కార్‌లో అయితే రెండు గంటల లోపే. ఆర్వీలో మూడు పెట్టుకోండి, ఎందుకంటే కుడి లేన్ వదలకూడదు, పెట్రోల్ బంకుల్లో పెద్ద బండి తిరిగే చోటున్నవి వెతుక్కోవాలి. అక్టోబర్ మధ్యలో కొండలు పసుపూ ఎరుపూ కలిపి ఆరబెట్టినట్టుంటాయి. బండి నిలుపుకోవడానికి కరెంటు, నీళ్లు ఉన్న చోటుకి రాత్రికి అరవై డాలర్ల చిల్లర తీసుకున్నారు. ఆకులు రంగు మారే వారాల్లో నెల ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు. మేము దిగింది షెనండోవా లోయలోని న్యూ మార్కెట్ దగ్గర, నది ఒడ్డున ఉన్న ఒక చిన్న క్యాంప్‌గ్రౌండ్.

అక్కడ బండి నిలపడానికే అరగంట పట్టింది. మిగతావాళ్లంతా బండిని వెనక్కి నడిపి ఒక్కసారికే నిలిపేస్తున్నారు. అమ్మ ఫోన్‌లో కంపాస్ పట్టుకుని ముందు నిలబడి, దీపం ఉన్న మూల ఈశాన్యం అయ్యేదాకా నా చేత ముందుకీ వెనక్కీ తిప్పించింది. క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే పెద్దావిడ గోల్ఫ్ కార్ట్ ఆపి, ఏమైనా పారేసుకున్నారా అని అడిగింది. ఈశాన్యం వెతుకుతున్నామని నాన్న ఇంగ్లీషులో వివరించారు. ఆవిడ, "చెట్టు నీడ అడిగినవాళ్లున్నారు, నది కనబడాలన్నవాళ్లున్నారు. దిక్కు అడిగింది మీరే," అని, మా కరెంటు తీగ అందేలా పక్క స్తంభం చూపించి వెళ్లింది.

"రేపు వెళ్లేటప్పుడు బండి తిరుగుతుంది కదోయ్, అప్పుడు నీ ఈశాన్యం ఏమవుతుంది?" అన్నారు నాన్న.

"తిరిగేటప్పుడు అది ప్రయాణం. ఆగితే ఇల్లు," అంది అమ్మ.

సాయంత్రం యాంటెన్నా పైకి లేపి, టీవీ స్టేషన్ ఉన్న హారిసన్‌బర్గ్ వైపు తిప్పి, టీవీలో ఛానల్స్ వెతకమని పెట్టాను. అంతకు ముందు వారమే ఖాళీ బండిలో ఇదంతా సరిచూసుకున్నాను, ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ మాత్రం మ్యాచ్ వచ్చే ఛానల్ ముక్కలు ముక్కలైపోయింది. న్యూస్ చదివే ఆవిడ మొహం చదరాలుగా విడిపోయి, గొంతు ఒక అక్షరం వచ్చి ఒకటి పోతోంది. యాంటెన్నాని ఎటు తిప్పినా అంతే. కొండల మధ్య ఉన్నాం కదా, సిగ్నల్ రాదు కాబోలనుకున్నాను. ఫోన్‌లో చూద్దామంటే ఒక్క గీత కూడా నిలవడం లేదు. "పోనీలేమ్మా, స్కోర్ తర్వాత చూసుకుంటాను," అన్నారు నాన్న. తిట్టినా బావుండేది. ఆ మంచితనంలో నా పాత స్విమ్మింగ్ కోచ్, సంగీతం టీచర్ ఇద్దరూ కూర్చుని తలాడిస్తున్నట్టు అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం, మ్యాచ్‌కి గంట ముందు కాఫీ కప్పుతో బయటికొస్తే, పక్క చోటులో ఉన్న డెల్ అనే పెద్దాయన తన ట్రైలర్ బయట గొడుగు కింద టీవీ పెట్టుకుని చేపలు పట్టే ప్రోగ్రాం చూస్తున్నాడు. బొమ్మ అద్దంలా ఉంది. ఛానల్ చూస్తే, మాకు ముక్కలైపోయిన అదే ఛానల్. పైకి చూస్తే యాంటెన్నా కూడా మాలాంటిదే, మాకంటే పాతది.

"ఈ కొండలు సిగ్నల్‌ని అడ్డుకోవా?" అని అడిగాను.

"నాకు అడ్డుకోవడం లేదు," అన్నాడాయన టీవీ మీంచి చూపు తిప్పకుండా. "మీరొక డిష్ కొనుక్కోండి. అందరూ అదే చేస్తున్నారు. నాకు మాత్రం అక్కర్లేదు."

డిష్ సంగతి అలా ఉంచితే, ఆ మొదటి మాటతో నా బుర్ర పనిచేసింది. అదే గాలి, అదే కొండ, అదే యాంటెన్నా. ఆయనకి వస్తోంది, మాకు రావడం లేదు. అంటే జబ్బు లోయలో లేదు, మా బండిలోనే ఉంది.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఆర్వీ కొనేవాళ్లకి ఇది పనికొస్తుంది. ఎల్‌ఈడీకి బ్యాటరీ కరెంటును అలాగే ఇవ్వకూడదు, తగ్గించి ఇవ్వాలి. చవక రకాల్లో ఆ తగ్గించే చిన్న సర్క్యూట్ కరెంటును క్షణానికి వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. ఆ కొట్టుకోవడమంతా రేడియో శబ్దంలా చుట్టూ చిమ్ముతుంది, వైర్ల వెంట పాకుతుంది. యాంటెన్నాకి వచ్చిన బలహీనమైన సిగ్నల్‌ని పెంచడానికి ఆర్వీల్లో ఒక బూస్టర్ ఉంటుంది. దానికి ఏది టీవీయో ఏది గోలో తెలియదు, రెండింటినీ పెంచేస్తుంది. పోయిన వారం నేను పట్టపగలు, ఒక్క లైటూ వేయకుండా సరిచూశాను. నిన్న మేం పండగ ఇల్లులా అన్నీ వేసుకుని కూర్చున్నాం.

నాన్న అప్పటికే టీవీ మీద ఎండ పడకుండా కిటికీల తెరలన్నీ దించేసి, సోఫాలో కుదురుకుని ఉన్నారు. నేను టీవీలో సిగ్నల్ ఎంతుందో చూపించే పేజీ తెరిచి, ఒక్కొక్క లైటూ ఆపుతూ వచ్చాను. వంటగది పైన ఉన్న ఎల్‌ఈడీ స్ట్రిప్ ఆపగానే గీత ఒక్కసారి పైకి లేచింది. నాన్న ముందుకి వంగారు. మంచం దగ్గరిది, బాత్రూమ్‌ది, మెట్టు కిందది, అన్నీ ఆపాను. గీత సగం దాకా వచ్చి నిలిచిపోయింది. చదరాలు తగ్గాయి, పోలేదు. మాట వస్తోంది, బొమ్మ కుంటుతోంది. మ్యాచ్‌కి ఇంకో అరగంట.

"ఇంకెక్కడైనా లైట్ ఉందా అమ్మా, ఫ్రిజ్‌లో ఏమైనా?"

"ఇంకెక్కడిది? అన్నీ ఆపేశావు కదే. చీకట్లో ఉల్లిపాయలు తరుక్కుంటున్నాను, వేలు తెగితే నీదే బాధ్యత."

నేను ఆమె చేతుల వైపు చూశాను. కత్తి అంచు మీద పసుపు రంగు వెలుగు రెపరెపలాడుతోంది. ఉల్లిపాయ ముక్కలు సన్నగా, ఒకే కొలతలో పడుతున్నాయి.

"చీకట్లో అంత సన్నగా ఎలా తరుగుతున్నావు?"

"దీపం ఉందిగా," అంది అమ్మ.

ముగ్గురం ఒక్కసారే అటు తిరిగాం. నిన్నటి నుంచి ఆ బండిలో ఉన్న ప్రతి లైటునూ అనుమానించాను. దీన్ని మాత్రం నేను గానీ, నాన్న గానీ, అమ్మ గానీ లైటుగా లెక్కపెట్టలేదు. అది దీపం. అంతే. నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ కూడా ఆ అర ముందు పనిచేయలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకో సంగతి: అమ్మ ప్లగ్ పెట్టిన సాకెట్, యాంటెన్నా బూస్టర్ స్విచ్, రెండూ గోడమీద ఒకే ప్లేట్‌లో ఉన్నాయి. ఆ ప్లగ్ చివర బొటనవేలంత అడాప్టర్, పేరూ ఊరూ లేనిది. బూస్టర్ చెవిలో నోరు పెట్టి అరుస్తున్నట్టే.

నా చెయ్యి ప్లగ్ మీదికి వెళ్లింది.

"ఆగు," అంది అమ్మ. ఉల్లిపాయ వాసన చేయి నా మణికట్టు పట్టుకుంది. "దీపం ఆర్పుతావా? మొక్కుకున్నానని చెప్పానా లేదా?"

"అది బల్బేనోయ్," అన్నారు నాన్న, ఆట మొదలైపోతుందన్న భయంతో.

"మీ ఆటకోసం కొండెక్కించమంటారా? రెండు నిమిషాలకోసారి అందరూ కిందపడి లేచే ఆట కోసం?"

వాదిస్తే ఓడిపోతానని తెలుసు, పైగా వాదించాలనిపించలేదు. "జంట కొన్నావా, ఒక్కటే కొన్నావా?" అని అడిగాను. మా అమ్మ ఏ ప్రమిదనీ ఒక్కటి కొనదు. సంచిలోంచి రెండోది తీసింది. దాని అడుగున పెన్సిల్ సెల్స్ వేసుకునే చోటు ఉంది, అంటే అడాప్టర్ లేకుండా, కరెంటును ఆపుతూ వదులుతూ ఉండే గోల లేకుండా వెలుగుతుంది. టార్చ్‌లైట్‌లోంచి సెల్స్ తీసి ఇచ్చాను. అమ్మ చేతులు కడుక్కుని, కొత్త దీపాన్ని పాతదాని పక్కన పెట్టి, వెలిగించి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది. తర్వాత పాతదాని వైపు చూసి, "ఇప్పుడు తియ్యి," అంది.

తీశాను. పక్కనున్న టీవీలోంచి కామెంటేటర్ గొంతు వచ్చింది, ఒక్క అక్షరం పోకుండా. స్టేడియంలో పచ్చిక మీద తెల్ల గీతలు కూడా కనబడుతున్నాయి. నాన్న కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

మ్యాచ్ మొత్తం చూశాం, ఎక్స్‌ట్రా టైమ్‌తో సహా. బొమ్మ ఒక్కసారి ఆగలేదు. డెల్ తన కుర్చీ తెచ్చుకుని మా గుమ్మంలో కూర్చుని, తెర మాకే పెద్దదని ఒప్పుకుని, అమ్మ ఉల్లిపాయ పకోడీలు మూడు వాయిలు తిన్నాడు. మా టీమ్ చివరి నిమిషంలో గెలిచింది. దాని ఘనత అమ్మ ఎవరికిచ్చిందో చెప్పనక్కర్లేదు. అందరూ లేచాక నాన్న ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం క్యాంప్‌గ్రౌండ్ ఆఫీస్ గది దాకా నడిచారు. నేను చెత్త పడేయడానికి వెనకే వెళ్లాను కాబట్టి విన్నాను: "శ్రీధర్, సోమవారం రాకు. బండి అమ్మట్లేదు. లేదు లేదు, బాగానే ఉంది. మా అమ్మాయి పూర్తి చేసింది."

ఆ చివరి మాట కోసం నేను ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నానో, అది విన్నాకే తెలిసింది. నేనేమీ మారలేదు. ఒక చోట కూర్చోలేని ఆ స్వభావమే యాంటెన్నా కింద, అరల వెనక, మెట్టు కింద దూరి తప్పు ఎక్కడుందో దొరికేదాకా వెతికింది. తిరుగు ప్రయాణంలో దీపం డాష్‌బోర్డ్ మీద వెలుగుతోంది. ఏ మలుపులోనూ అమ్మ కంపాస్ తీయలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒకే సలహా. మీ ఆర్వీలో టీవీ సరిగా రాకపోతే డిష్ కొనే ముందు, వెలిగేవీ ప్లగ్‌లో ఉన్నవీ అన్నీ తీసేసి చూడండి: చార్జర్లు, అలంకరణ తీగలు, మీరు లైటని పిలవనివి కూడా. తర్వాత ఒక్కొక్కటీ తిరిగి పెట్టండి. ఏది పెట్టినప్పుడు బొమ్మ చెడితే దాన్ని యాంటెన్నా వైరుకి దూరంగా జరపండి, లేదా మంచి రకం కొనండి. నేను వంటగది స్ట్రిప్ మార్చేశాను.

నాన్న పందెం బండి వరకే. ఉద్యోగం సంగతి అమ్మ ఇంటికొచ్చాక మళ్లీ ఎత్తింది. జనవరిలో నేను ఆ ఉద్యోగంలో చేరడం లేదు. బండి తీసుకుని, దేశానికి నైరుతిన ఉన్న న్యూ మెక్సికో వెళ్తున్నాను.