లాక్‌కు పెట్టిన బొట్టు

అతని ఇంటి ముందు చెప్పులు లెక్కపెట్టడం నాకెప్పుడు అలవాటైందో సరిగ్గా చెప్పలేను. తెలంగాణ వచ్చిన కొత్తలో అనుకుంటాను. నకిరేకల్‌లో మా ఇద్దరివీ ఒకే వీధిలో ఇళ్లు. ఇద్దరం విలేకరులమే, వేర్వేరు పత్రికలకు. పొద్దున పాలకు వెళ్తూ చూస్తే అతని గడప ముందు మూడు జతలుండేవి, సాయంత్రానికి ఏడు. మా గడప ముందు ఎప్పుడూ రెండే. ఒకటి నాది, ఒకటి నా భార్యది.

వచ్చేవాళ్లు వార్తల కోసం వచ్చేవాళ్లు కాదు. అతని ముందుగదిలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. అందులో ఉన్నదంతా ఓపెన్ సోర్స్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు, పైసా కట్టనక్కరలేదు. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎవరొచ్చినా ఎక్కించి, తెలుగు ఎలా కొట్టాలో నేర్పి, చాయ్ తాగించి పంపేవాడు. బడి పంతుళ్లు, గొర్రెల సంఘం పెద్దలు, టైలర్లు అందరూ అక్కడే.

తెలుగు కొట్టడానికి నాది కొన్న సాఫ్ట్‌వేర్. అప్పట్లో మా వైపు చాలా దుకాణాల్లో దొంగ కాపీలే నడిచేవి. నేను మాత్రం ఆ ఏడాది అచ్చయిన వార్తల లైన్లు లెక్కకట్టి పత్రిక ఇచ్చిన లైన్ అకౌంట్ డబ్బులన్నీ పోసి, హైదరాబాద్ వెళ్లి, బిల్లుతో సహా తెచ్చుకున్నాను. దానితోపాటు బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఇచ్చారు. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. మేం దాన్ని లాక్ అనేవాళ్లం. అది గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. పని కాగానే తీసి బీరువాలో, పొలం పాసు పుస్తకం పక్కన పెట్టేవాణ్ణి.

"నా పుస్తెలతాడు గూడ ఎన్నడు గింత పైలంగ దాచిందిలేదు" అనేది నా భార్య.

ఇంత ఖర్చు పెట్టినా ఒక్కరూ నా దగ్గరికి వచ్చి తెలుగు ఎలా కొట్టాలని అడగలేదు. అదే నా కడుపుమంట. ఒకరోజు హైవే పక్క జిరాక్స్ సెంటర్‌లో అతనూ నేనూ కలిశాం. దుకాణం నడిపే ఆమె కూడా అతని దగ్గర ఎక్కించుకున్నదే వాడుతోంది. నేను ఊరుకోలేకపోయాను.

"ఫుకట్ల వచ్చినదానికి గ్యారంటీ ఏందమ్మా? రేపు ఖరాబైతే ఎవర్ని అడుగుతవ్?"

"గీ సారునే అడుగుత" అందామె, జిరాక్స్ తీస్తూనే.

అతను నవ్వాడు. "మరి నీది ఖరాబైతే ఎవర్ని అడుగుతవ్ భై?"

"కంపెనీ ఉన్నది" అన్నాను.

ఆ రాత్రి కోపం చల్లారక ఒక కాలమ్ రాశాను. మా జిల్లా పేజీలో వారం వారం నాదొక కాలమ్ వచ్చేది. సంతలు, బస్టాండ్లు, మనుషుల ముచ్చట్లు. ఆ వారం మాత్రం ఆకుపచ్చ స్కూటర్ మీద తిరిగే ఒక మనిషి గురించి రాశాను. పిలవని పెండ్లిళ్లకు పోయి కడుపునిండా తిని, తన వెనక ఊరందరినీ పంక్తికి లాక్కొచ్చి, తాను విందు పెట్టినట్టు తిరిగే మనిషి. పేరు రాయలేదు. మా ఊళ్లో ఆకుపచ్చ స్కూటర్ ఒక్కటే, అతనిది. డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. "ఇందులో ముచ్చటేముంది సార్?" అన్నారు. వేయలేదు. నేనూ మరిచిపోయాను.

రెండేళ్ల కిందటి దసరాకు స్కూటర్, కెమెరా, కంప్యూటర్‌తోపాటు లాక్‌ను కూడా ఇత్తడి పళ్లెంలో పెట్టి పూజ చేశాను. తడి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు అన్నిటి మీదా చల్లాను. అప్పటికి విలేకరి పని మానేశాను. పదేళ్ల కాలమ్‌లు పుస్తకంగా తేవాలని మనసులో ఉంది. నల్లగొండ ప్రెస్‌తో మాట కూడా అయింది. పని మొదలుపెట్టే ముందు లాక్‌కు పూజ జరగాలనిపించింది.

సాయంత్రం అతను జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ ఇచ్చి, పళ్లెం వైపు చూశాడు.

"గిదానికి గూడ బొట్టు పెట్టినవా? నాదానికి పెడ్దామంటే జాగ ఏడున్నది భై!"

మర్నాడు లాక్ గుచ్చితే సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. తుడిచాను, ఎండలో పెట్టాను, రెండు రోజులు బియ్యం డబ్బాలో దాచాను. తడి పసుపు, కొబ్బరినీళ్లు లోపలికి పోయాయన్న సంగతి నాకు తట్టలేదు. అతని దిష్టి తగిలిందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేయమని నా భార్యను అడిగితే, "అన్న దిష్టి గాదు, నీ కొబ్బరినీళ్లు" అని లోపలికి వెళ్లిపోయింది.

హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. ఆ వెర్షన్ బందైందన్నారు. కొత్తది కొనుక్కోవచ్చు కానీ పాత ఫైళ్లు అందులో వస్తాయో రావో చెప్పలేమన్నారు. వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ చుక్కలూ. పత్రికలో అచ్చయిన ముక్కలు ఉన్నాయి కానీ అవి స్థలం చాలక కోసినవి, సగం చెదలు తిన్నవి. నేను రాసింది రాసినట్టుగా ఉన్నది ఆ ఫైళ్లలోనే. పదేళ్లు నావి కాకుండా పోయాయి.

వాటిని తెరవగలిగినవాడు మా వీధిలో ఒక్కడే.

ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి చేతిలో పట్టుకున్నాక గుర్తొచ్చింది ఆకుపచ్చ స్కూటర్. అది కూడా ఇందులోనే ఉంది. తీసేద్దామంటే ఏది అదో తెలియదు. ఫైళ్లకు పేర్లు పెట్టే అలవాటు నాకు లేదు. ఒకటి, రెండు, మూడు అని నంబర్లే. ఏ ఏడాది రాశానో కూడా గుర్తులేదు. ఏ ఫైలు తెరిచినా అవే గీతలు, అవే చుక్కలు. నేను తిట్టిన తిట్టు ఏదో నేనే చదువుకోలేను. నాలుగు రోజులు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని తిరిగాను. ఆ నాలుగు రోజులూ చెప్పులు లెక్కపెట్టలేదు.

ఐదో రోజు వెళ్లాను. అతను ఫైళ్లు చూసి, "అయితయ్" అన్నాడు. ఒక్కటి ఎక్కించి ఏదో నొక్కాడు. తెలుగు వచ్చింది. కట్టంగూర్ సంతలో మేకపిల్లను బేరం చేసిన ముసలమ్మ గురించి రాసింది. చివరిదాకా చదువుకున్నాను.

"గట్లనే అన్నీ చెయ్యి. చదువుడు ఎందుకు గాని" అన్నాను.

"చదవకుంట ఎట్లయితది? మార్చినప్పుడు ఒత్తులు అటుఇటు పోతయి. ఒక్కోటి చూసుకుంట దిద్దాలె." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఏం ఫికర్ జెయ్యకు. పదేండ్లు నువ్వు రాసినవ్, నేను పదిహేను రోజులు చదవలేనా?"

ఆ పదిహేను రోజులూ నేను వీధి ఆ చివరకు పోలేదు. పాలు నా భార్యే తెచ్చింది. పదహారో రోజు అతనే పిలిపించాడు. ముందుగదిలో ఎవరూ లేరు. పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు.

"అన్నీ వచ్చినయ్. నూట పన్నెండోది బుక్కుల వేస్తున్నవా?"

ఏ నంబరో నాకు తెలియదు. అతని మొహం చూస్తే తెలిసింది.

"అది... తీసేస్త" అన్నాను.

"ఎందుకు? మంచిగ రాసినవ్ గద. పెండ్లి పంక్తి ముచ్చట చదివి నేనే నవ్విన." కళ్లజోడు తీసి లుంగీతో తుడుచుకున్నాడు. "ఊరందరి గురించి రాసినవ్ భై. చాయ్ హోటలాయన ఉన్నడు, బస్ కండక్టర్ ఉన్నడు, మేకల ముసలమ్మ ఉన్నది. గదొక్కటి తీసేస్తే నీ బుక్కుల నేనే లేను."

సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. సిగ్గు కూడా ఉంది కానీ ముందు వచ్చింది అది కాదు. ఆ మాట అతనికి అంత తేలిగ్గా ఎలా వచ్చిందన్న మంట ముందు వచ్చింది. తిట్టింది నేను, పడ్డది అతను, మళ్లీ పెద్దమనిషి అయింది కూడా అతనే.

నూట పన్నెండోది తీయలేదు. అక్షరం మార్చకుండా పుస్తకంలో వేశాను.

పుస్తకాలు వచ్చిన రోజు మొదటి కాపీ పట్టుకుని అతని ఇంటికి వెళ్లాను. గడప ముందు ఎనిమిది జతలు. నావి విడవడానికి జాగా లేక గోడవారగా పెట్టాను. లోపల జిరాక్స్ సెంటర్ ఆమె, ఇద్దరు పంతుళ్లు, ఇంకా ఎవరెవరో. అతను పుస్తకం తీసుకుని, నా పేరున్న అట్ట వైపు చూడకుండానే గబగబా పేజీలు తిప్పాడు.

"ఆ స్కూటర్ నాదేనమ్మా! గీ ఫుకట్ మనిషిని నేనే. వినుండ్రి!"

గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. అందరూ పడీపడీ నవ్వుతున్నారు. జిరాక్స్ సెంటర్ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా పుస్తకానికి దొరికిన మొదటి పాఠకులు కూడా అతని మనుషులే.