బోడికొండ మీద చలివేంద్రం

ఆ రోజుల్లో నా మోకాళ్లు ఇంకా నా మాట వినేవి. నా లెక్కలో పడుచుదనమంటే అదే. యాభై దాటాక పడుచుదనమేమిటని మా అమ్మాయి నవ్వుతోంది (నేను చెబుతుంటే టైపు కొడుతున్నది తనే, నవ్వకుండా కొట్టమన్నాను). మా ఆయన పోయిన మరుసటి ఏడు మా అమ్మాయి దగ్గరికి, విదేశంలోని ఈ చాండ్లర్ ఊరికి వచ్చాను. సంతకం వరకే నా చదువు, కాబట్టి ఈ దేశంలో నాకు దొరికిన ఉద్యోగం ఒకటే: బడి నుంచి వచ్చిన మనవరాలికి ఇంత పెట్టి, అది కంప్యూటర్ ముందు కూర్చుంటే వెనక కూర్చోవడం. ఆ కంప్యూటర్‌లో అది థీమ్ పార్కు కట్టేది. నేల తనే ఎత్తి, చెరువు తనే తవ్వి, పైన రైళ్లు, రంగులరాట్నాలు పెట్టేది. గేటు తెరవగానే బొటనవేలంత మనుషులు (దాని భాషలో గెస్ట్స్) బిలబిలమంటూ లోపలికొచ్చి తిరిగేవారు. మేము ఒక గంప మట్టి ఎత్తితే నడుము పట్టేసేది. ఇది వేలితో అలా లాగితే కొండ లేచేది. నోరు తెరుచుకుని చూసేదాన్ని. నా నోరు ఒకసారి తెరుచుకుంటే ఊరికే ఉండదు.

"ఏందే పాపా, కొండ నెత్తిన నీళ్లు యాడివి? పైన చెరువు లేదు, వాన లేదు."

"అవ్వా, అది వాటర్‌ఫాల్. జస్ట్ బాగుంటది."

"చెట్లేంది, గులాబిరంగులో ఉండాయి?"

"గెస్ట్స్‌కి ఇష్టం."

"కొండంటే అట్లుండదు మే. మీ తాత కొండ చూసింటే తెలిసేది నీకు."

అది కుర్చీ గిర్రున తిప్పింది. "తాతకి కొండ ఉందా?"

మా ఆయనకు సొంత కొండ ఎక్కడిది! కర్నూలు వైపు మా ఇంటి వెనక కొండలో నాపరాళ్లు కొట్టాడు, బతికినంత కాలం. నేనూ కొట్టాను, ఈ బొంగురు గొంతు ఆ దుమ్ము ఇచ్చిందే. ఆ కొండకు ఫొటో లేదు. ఈ పిల్లకు తాత అంటే దండ వేసిన ఫొటోలోని మీసాలు, అంతే. అలాంటి పిల్ల "అయితే తాత కొండ పెడదాం" అనేసింది. పెడితే ఉన్నది ఉన్నట్టు పెట్టాలని నేను పట్టుబట్టాను. బోడిగా ఉండాలి, ఒకపక్క ఎవరో కొరుక్కు తిన్నట్టుండాలి, బరువు మోసేవాళ్లు నడిచే వంకరటింకర దారి ఉండాలి. నా కళ్లలో తప్ప ఆ కొండ ఇంకెక్కడా లేదు మరి. దాని బాధ దానిది. శనివారం మా కాలనీ క్లబ్‌హౌస్‌లో పిల్లలు కంప్యూటర్‌లో కట్టిన పార్కుల పోటీ. అందరూ చూసి ఓటేస్తారు. కిందటిసారి ఎదురింటి పిల్ల గెలిచింది.

"అవ్వా, ఎవరూ ఓట్ వెయ్యరు. ఇలాంటి కొండ ఫ్రీవే పక్కన ఫ్రీగా ఉంది!" (నిజమే. ఇక్కడి పెద్ద రోడ్డు పక్కన కొండలూ మన కొండల్లాగే బోడివి.)

వంటింట్లోంచి మా అమ్మాయి: "అమ్మా, దాని కాంపిటీషన్ దాన్ని చేసుకోనీ. నీకెందుకు?"

"నాకెందుకా? గులాబిరంగు చెట్లు పెడితే మీ నాయన నవ్వడా?"

"నాయన నవ్వితే మంచిదే కదమ్మా."

నేను గొంతు పెంచాను. వారమంతా ఇదే గొడవ. చివరికి రాజీకి వచ్చాం: కొండంతా నా ఇష్టం, నెత్తిన ఒక్క చెట్టు దాని ఇష్టం. ఆ చెట్టు గులాబిరంగుదేనని వేరే చెప్పాలా?

కొండ లేచింది. "ఎడమకు దించు, ఇంకా దించు, చాల్లే" అని నేను చెబుతూనే ఉన్నాను. కొరికిన పక్క కుదరగానే తెర మీద దాన్ని వేలితో తడిమాను. గేటు తెరిచాం. ఆ చిన్న మనుషులు సగం కొండ ఎక్కి, ముఖాలు మాడ్చుకుని, వెనక్కి తిరిగి ఇంటికెళ్లిపోయారు.

"చూశావా? రియల్‌గా పెడితే గెస్ట్స్ పారిపోతారు."

"ఎండలో బోడికొండెక్కితే దాహమయితాది. చలివేంద్రం పెట్టు."

"అది ఏం రైడ్?"

రైడ్ కాదు తల్లీ, ఎండాకాలంలో తాటాకుల పందిరి కింద కుండలు పెట్టి దారినపోయేవాళ్లకు నీళ్లు, మజ్జిగ ఊరికే ఇస్తారని, మీ తాత ఏటా ఆ కొండ మీద పెట్టేవాడని చెప్పాను. అది ఒక కూల్‌డ్రింకు కొట్టు తెచ్చి పెట్టింది. ధర తీసెయ్యమన్నాను. "ఫ్రీనా? అలా ఎవరిస్తారు?" అంది. చలివేంద్రంలో డబ్బు తీసుకుంటే కళ్లు పోతాయన్నాను. భయపడి తీసేసింది.

శనివారం వచ్చింది. ఎదురింటి పిల్ల గాలిలో తేలే దీవులు, గాజు చెట్లు, ఊదారంగు జలపాతం చూపించింది. అందరూ ఆహా అన్నారు (నేనూ అన్నాను, మెల్లగా). తర్వాత పెద్ద టీవీ మీద మా కొండ వచ్చింది. అందరూ మెడలు సాచి చూశారు. వెనకనుంచి ఒకాయన, "ఇంకా లోడ్ అవుతోందా?" అన్నాడు. మా పిల్ల తల దించేసుకుంది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, "గేటు తెరువు పాపా" అన్నాను.

తెరిచింది. తెర మీది చిన్న మనుషులు పైకి చూశారు. ఒకడెక్కాడు, వాడి వెనక పదిమంది. కాసేపటికి రైళ్లు, రంగులరాట్నాలు వదిలేసి పార్కు పార్కంతా చలివేంద్రం ముందు లైను కట్టింది. క్లబ్‌హౌస్‌లో చప్పట్లు. మా పిల్ల తలెత్తింది. నేను కొంగు సర్దుకున్నాను. అంతలో తాగినవాళ్లు ఒక్కొక్కరే పొట్ట పట్టుకుని, కాళ్లు కలిపి గెంతడం మొదలుపెట్టారు. కొండ మీద మరుగుదొడ్డి పెట్టలేదు. నిజం కొండ మీద లేదు కాబట్టి నాకు తట్టలేదు. అందరూ ఒక్కసారిగా కిందికి పరుగు, నేను వంకరటింకరగా వేయించిన దారి మీద.

"ఆంటీ, రియలిజం కొంచెం ఎక్కువైందండీ!" అన్నాడు ఇందాకటాయన.

"అవ్వా! బాత్రూమ్ ఎక్కడ పెట్టను?" అని అరిచింది మా పిల్ల.

"రాళ్ల వెనక!" అని అరిచాను, నా బొంగురు గొంతు ఎంత లేస్తే అంత. కుర్చీల్లోంచి జారి మరీ నవ్వారు జనం. బహుమతి మాత్రం ఎదురింటి పిల్లకే ఇచ్చారు.

ఇంటికొచ్చేటప్పుడు కారులో మా పిల్ల ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. కోపమనుకుని నేనూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సగం దారిలో, "అవ్వా, తాతకి కూడా అలా అర్జెంట్ అయ్యేదా?" అంది.

"కాకేం, మనిషే కదా."

"రాళ్ల వెనకకేనా?"

"రాళ్ల వెనకకే. పాట పాడుకుంటా పోయేటోడు, ఎవరూ అటు రాకుండా."

అది కిసుక్కున నవ్వింది. ఆపుకోలేక ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. ఫొటోలోని మీసాలకు ఆ రోజు నోరూ, కాళ్లూ వచ్చాయి.

ఇప్పుడది కాలేజీలో ఉంది. సెలవులకొస్తే నాకోసం ఆ పార్కు తెరుస్తుంది. కొండ అలాగే ఉంది, రాళ్ల వెనక మరుగుదొడ్డితో సహా. చిక్కంతా నాతోనే. కళ్లు మూసుకుని మా అసలు కొండను తలచుకుంటానా, మా ఆయన సుత్తి పక్కన పెట్టి చెమట తుడుచుకుంటూ కూర్చుంటాడు, ఆయన నెత్తి మీద గులాబిరంగు చెట్టు. అక్కడ ఆ చెట్టు లేదు, ఏ చెట్టూ లేదు, నాకు తెలుసు. తీసేద్దామని చూస్తాను. తీసేస్తే ఆయన ఎండలో కూర్చోవాలి. ఆ చెట్టు వద్దని వారం రోజులు గొంతు చించుకున్న మనిషిని నేనేనా అని నవ్వుకుని, ఉండనీలే అనుకుంటాను.