బోర్డు కాదు బిడ్డా, బండి

మొన్న పొద్దున్నే మిషన్ ముందు కూర్చున్నానో లేదో, పాత వీధిలోని జిరాక్స్ షాపు అక్క ఫోన్ చేసింది. "కాక పోయిండే. రాత్రి దవాఖానల పానం పోయిందంట" అంది. అయ్యో అన్నాను. ఫోన్ పెట్టేసి, సగంలో ఉన్న ప్యాంటు అంచు కుట్టడం పూర్తి చేశాను. ఏడుపు వెంటనే రాలేదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక వచ్చింది, అదీ కోపాన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

మీలో కొత్తగూడ వైపు ఉద్యోగాలు చేసినవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగితే ఎడమ వైపు డ్రై క్లీనింగ్ షాపు, అందులో ఇస్త్రీ బల్ల వెనక తెల్ల చొక్కాతో నిలబడి ఉండే మనిషి. ఆయనది అక్కడి పాత ఊరే. మేమంతా ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చినవాళ్ళం. నాకు రక్తసంబంధం ఏమీ లేదు, వీధి మొత్తానికీ ఆయన కాకే, అంటే బాబాయే. ఆయన గోడకి ఆనుకుని ఉన్న చిన్న గదిలో నా ఆల్టరేషన్ షాపు ఉండేది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, కుర్చీల్లో కూర్చుని కూర్చుని లావైన సాఫ్ట్‌వేర్ పిల్లలకి నడుములు వదులు చేయడం నా పని.

మా ఆయనకి జీడిమెట్లలో ఉద్యోగం దొరికి భీమవరం నుంచి వచ్చిన కొత్తలో, నాకు ఈ ఊళ్ళో బస్సు నంబర్లు కూడా సరిగ్గా తెలియవు. అలాంటిదాన్ని షాపు పెట్టించింది ఆయనే. ఖాళీ గది చూపించి, ఓనర్‌తో మాట్లాడి, "మంచి పిల్ల, కిరాయి జర తగ్గించు" అని నా ముందే బేరమాడాడు. తన దగ్గరికి వచ్చే ప్రతి కోటునీ ప్రతి చీరనీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసేవాడు. ఎక్కడైనా కుట్టు ఊడి ఉంటే, "పక్కన మా బిడ్డ ఉంది, రెండు నిమిషాల పని" అని కస్టమర్‌ని నా దగ్గరికి పంపేవాడు. ఉతకడానికి వేసేముందు జేబులన్నీ తడిమి ఐడీ కార్డులూ తలపిన్నులూ తీసి దాచి ఇచ్చేవాడు. ఒకసారి ఒక కోటు చూపించి, "గిది ఇంటర్వ్యూకు వచ్చింది, మళ్ళ పెండ్లికే వస్తది చూడు" అన్నాడు. నిజంగానే ఆ అబ్బాయి పెళ్ళికే తెచ్చాడు.

షాపు పెట్టగానే నేను చేసిన మొదటి తెలివి పని, ఫుట్‌పాత్ మీద ఒక ఇనుప స్టాండు బోర్డు నిలబెట్టడం. అది చూసి కాక నెత్తి కొట్టుకున్నాడు. మర్నాడే తన స్కూటర్ మీద శేరిలింగంపల్లి మున్సిపల్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. షాపు పేరు బోర్డుకి పర్మిషన్ ఎలా అడగాలో, ఆ బోర్డు షాపు ముఖం మీదే ఎందుకుండాలో, నడిచే దారిలో ఏది పెట్టినా ఎందుకు తీసుకుపోతారో, ఆఖరికి బండి మీద ప్రకటన వేయించుకోవాలన్నా వేరే పర్మిషన్ కావాలని కూడా, లైన్లో నిలబడి విడమరిచి చెప్పాడు. "ముందుగాల రూల్ తెల్సుకో. తర్వాత ఎవనితోనన్న లడాయి చెయ్యి" అన్నాడు. ఇవాళ్టికీ ఏ ఆఫీసులోనైనా నేను గొంతు వణక్కుండా మాట్లాడుతున్నానంటే ఆ రోజు చలవే. అది నేను కాదనను.

తర్వాత వీధిలో వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, స్టాండు బోర్డులన్నీ మనంతట మనమే తీసేద్దామన్నాడు. హాస్టల్ వాళ్ళు గొణిగారు, టిఫిన్ సెంటర్ ఆయన అలిగాడు. కాక ముందుగా తన బోర్డే భుజాన వేసుకుని లోపల పెట్టుకున్నాడు. ఇంకేం, అందరం తీశాం. "అందరం ఒక్కమాట మీదుంటే ఎవ్వనికీ నష్టం లేదు" అన్నాడు. నేను నమ్మాను. నా స్టాండుని పాత సామానువాడికి ఇచ్చేశాను కూడా.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు షాపు తీద్దామని వచ్చేసరికి, సరిగ్గా నా గుమ్మం ముందు ఒక పాత మారుతీ వ్యాన్ నిలబెట్టి ఉంది. ఒళ్ళంతా కొత్త స్టిక్కర్. కోటు బొమ్మ, పక్కన కాక షాపు పేరు, దాని కింద అంతే పెద్ద అక్షరాల్లో 'ఆల్టరేషన్లు కూడా చేయబడును'.

నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాను.

"కాకా, బండి కొంచెం ముందుకి పెట్టించండి. నా షాపు కనబడట్లేదండి."

"ఆడ జాగ లేదు బిడ్డా. జర అడ్జస్ట్ చేస్కో."

"ఫుట్‌పాత్ మీద బోర్డులొద్దని మా అందరిచేతా తీయించింది మీరే కదండీ?"

ఇస్త్రీ పెట్టె ఆపలేదు, తలెత్తలేదు. "గిది బోర్డు కాదు బిడ్డా, బండి."

"మరి ఆల్టరేషన్లు అని రాయించారేంటి?"

"కస్టమర్లు అడుగుతున్రు. ఒక దర్జీని పెట్టుకున్న. నీ పని నీకు ఉండనే ఉంటది, ఫికర్ చెయ్యకు."

ఆ బండి అక్కణ్ణించి కదిలితే ఒట్టు. టైర్లలో గాలి పోయింది, అద్దాల మీద దుమ్ము పేరుకుంది, కింద పిల్లులు కాపురం పెట్టాయి. అక్షరాలున్న వైపు మాత్రం ఆయన పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేవాడు. తుడుస్తూనే "తిన్నవా బిడ్డా?" అని నన్ను పలకరించేవాడు. ఎప్పటిలాగే చాయ్ పంపేవాడు. ఆ చాయే నన్ను ఎక్కువ మండించింది. పోట్లాడితే పోట్లాడేదాన్ని, తిడితే తిట్టేదాన్ని. చాయ్ పంపే మనిషిని ఏం చేయాలి? జిరాక్స్ అక్క, "ఫోటో తీసి కంప్లైంట్ పెట్టరాదే" అని చెవిలో పోరింది. ఆ కంప్లైంట్ ఎక్కడ పెట్టాలో నాకు బాగా తెలుసు, నేర్పింది ఆయనే. అందుకే చేతులు రాలేదు.

నెలనెలా నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి ఓరోజు రోడ్డు మీద కనబడి, "అక్కా, షాపు మళ్ళీ తెరిచారా? మూసేశారనుకుని పక్కనే చేయించుకుంటున్నా" అంది. ఆ రోజే నా ప్రాణం విసిగిపోయింది. లోపలి సందులోకి, ఎవరూ నడవని చోటికి, షాపు మార్చేశాను. సామాను ఎత్తే రోజు కాక వచ్చి మిషన్‌కి ఒక పక్క తనే పట్టాడు. ఆటో కదిలేదాకా నిలబడి, "పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పాడు. 'తప్పైంది' అంటాడేమోనని ఆయన నోటివంకే చూశాను. అనలేదు. ఆ తర్వాత ఎదురుపడ్డ ప్రతిసారీ చూశాను. ఇక ఆ మాట వినే దారి లేదు.

పలకరించడానికి ఇంటికి వెళ్తే చిన్నమ్మ, అంటే కాక భార్య, నన్ను పట్టుకుని ఏడ్చింది. "కిరాయి తక్కువని లోపలికి పోయినవంట గద బిడ్డా. మీ కాక జెప్పి శాన బాధపడ్డడు" అంది. బయట చేసింది చాలక, ఇంట్లో కూడా నన్ను కిరాయికి ఆశపడి వెళ్ళిపోయినదాన్ని చేశాడు. లేకపోతే నిజంగానే అలా నమ్మాడేమో. ఏది ఎక్కువ బాధో నాకు తేలడం లేదు. దీపం ముందున్న ఆమెతో ఏం వాదిస్తాను? తల ఊపి వచ్చేశాను.

నిన్న జిప్పులు కొనడానికి పాత వీధి మీదుగా వెళ్ళాను. ఒకప్పుడు నా షాపున్న గది ముందు, ఫుట్‌పాత్ మధ్యలో, కర్రల చట్రానికి బిగించిన నిలువెత్తు ఫ్లెక్సీ. శ్రద్ధాంజలి అని రాసి, చేతులు జోడించి నవ్వుతున్న కాక. వీధివాళ్ళు చందాలేసుకుని పెట్టించారట. నేను చూస్తుండగానే మున్సిపాలిటీ లారీ వచ్చి ఆగింది. ఒకతను దిగి తాళ్ళు కోశాడు. చనిపోయిన మనిషి బొమ్మ కదా, లారీలో వేయడానికి కొంచెం జంకినట్టున్నాడు. దగ్గర్లో నిలబడ్డ నన్నే అడిగాడు.

"అమ్మా, గీన మీ ఓళ్ళేనా? ఇంటికి తీస్కపోతరా?"

"కాదు. పక్క షాపాయన" అన్నాను.

లారీలో అప్పటికే హాస్టల్ బోర్డులు, ట్యూషన్ బోర్డులు, బిర్యానీ బోర్డులు ఉన్నాయి. వాటి మీద ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. ఒక పక్క మేకులు ఊడి ఫ్లెక్సీ వదులైంది. లారీ కదిలింది. గుంత వచ్చినప్పుడల్లా, జోడించిన ఆ చేతులు గాలికి పైకి లేస్తున్నాయి, పడుతున్నాయి.