మా మేనత్త పగలగొట్టిన సంఖ్య

మా మేనత్త ముడిమ్యాలలో బంతి, చామంతి వేసేది. చదువు ఏడో తరగతితో ఆగింది గానీ లెక్కల పిచ్చి ఆగలేదు. డిగ్రీ అయ్యాక నేను ఆమె ఇంట్లోనే ఉండి, రోజూ బస్సులో మొయినాబాద్ మీదుగా నగరానికి పోయి కంప్యూటర్ కోర్సు నేర్చుకునేదాన్ని. ఆ రోజుల్లో డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లందరిదీ అదే దారి.

ఒక ఆదివారం పూలు తెంపుతూ అడిగింది.

"ఒకటి నుంచి తొమ్మిది దాక వరుసగ రాస్తే ఒక పెద్ద అంకె అయితది గద. అది దేంతోని పోతది బిడ్డా?"

అంటే 12,34,56,789. అంకెలన్నీ కూడితే నలభై ఐదు, కాబట్టి తొమ్మిదితో పోతుందని ఆమే చెప్పింది. భాగిస్తే 1,37,17,421 వచ్చింది. అది ఇంకా చిన్న సంఖ్యలుగా పగులుతుందా అన్నది ఆమె సందేహం. దాని వర్గమూలం 3,703 దాటి కొంచెమే కనుక, అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలన్నాను.

మర్నాడు క్లాసులో చిన్న ప్రోగ్రాం రాశాను. జవాబు వెంటనే వచ్చింది. సాయంత్రం కాగితం చాపితే ఆమె తల తిప్పుకుంది.

"చెప్పకు. నేనే చూస్త. భాగించే అంకెలు మాత్రం రాసియ్యి."

ఐదు వందలకు పైగా భాగహారాలు. అన్నం తిన్నాక రోజుకు రెండో మూడో చేసేది. ఎనిమిది నెలలు పట్టింది. చివరికి పెన్ను కింద పెట్టి, "అయిపోయింది. ఇది పగలది" అంది. ముఖం తేటగా ఉంది. నా ప్రోగ్రాం ఇచ్చిన జవాబు అది కాదు.

చెప్పాలా వద్దా అని రాత్రంతా తేల్చుకోలేక, పొద్దున చెప్పాను. "అత్తా, ఒక దగ్గర తప్పు పోయింది."

"ఏడనో చెప్పకు" అని కాగితాలు ముందేసుకుంది. ఈసారి చివరి నుంచి వెనక్కి వచ్చింది. పద్నాలుగో భాగహారం 3,607తో. తీసివేతలో నూట ఎనిమిది రావలసిన చోట నూట పద్దెనిమిది వేసుకుంది. దాంతో వెయ్యి మిగిలింది. సరిదిద్దితే ఏమీ మిగల్లేదు. భాగఫలం 3,803.

"నీకు మొదటి నుంచే ఎరుకనా?"

"ఎరుకనే."

"నిన్న 'ఇది పగలది' అన్నప్పుడు గూడ?"

"అవును. సంబురంగ ఉంటివని ఊకున్న."

"తప్పు లెక్క మీద సంబురం ఎందుకు నాకు?" అంది. గొంతు పెంచలేదు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

కొంతసేపటికి ఇంకో కాగితం తీసింది. 3,607, 3,803 కూడా పగులుతాయేమో చూడాలట. రెండింటికీ అరవై చుట్టుపక్కల దాకా వెళితే చాలని ఈసారి నన్ను అడగకుండానే తేల్చుకుంది. కూర్చున్న చోటి నుంచి లేవకుండానే చేసింది.

"ఇవి రెండు పగలయి. నువ్వు గూడ ఒకసారి చూడు" అని కాగితం నా వైపు జరిపింది.

నేను కంప్యూటర్ మాట ఎత్తకుండా పెన్ను తీసుకుని, ఏడుతో మొదలుపెట్టాను.